మా పిల్ల యూటాలో మోర్మన్ల ఇంట్లో అద్దెకి దిగుతోంది, వద్దనాలా?

రావులపాలెం_గెల
అందరికీ నమస్కారమండి. మా అన్నయ్య కూతురికి అమెరికాలో, యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఎమ్మెస్ సీటొచ్చింది. ఆగస్టులో ప్రయాణం. ఇంకో ఇద్దరు తెలుగమ్మాయిలతో కలిసి ఓ ఇంట్లో కింది వాటా మాట్లాడుకుంది. ఇంటావిడని వీడియో కాల్లో చూశాం, అరవై దాటుంటాయి, మంచిగానే మాట్లాడింది. ఫోన్ పెట్టేసే ముందు మాటవరసకి "మేం మోర్మన్లం" అందట. అమెరికాలో పుట్టిన ఓ చర్చి వాళ్ళట. ఇంక చూస్కోండి.

మా వదినకి ఎవరో ఎక్కించారు. వాళ్ళు ఒక్కొక్కడు ఏడెనిమిది మందిని చేసుకుంటారట, పదిహేనేళ్ళ పిల్లల్ని ముసలాళ్ళకి కట్టబెడతారట, ఓసారి పోలీసులు మీద పడి వందలమంది పిల్లల్ని బస్సులెక్కించుకు పోయారట. ఆ బస్సుల వీడియో కూడా సంపాదించింది. పొడుగు చేతుల గౌన్లు, జడలు, ఏడుస్తున్న తల్లులు. రెండ్రోజులుగా వదినకి అన్నం సయించట్లేదు. డిపాజిట్ కట్టేశాం. అన్నయ్యేమో గెలల వేలం మధ్యలోంచి ఫోన్ చేసి "చదువుకున్నోడివి, కనుక్కోరా" అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెబితే వదినకి చదివి వినిపిస్తాను.

తణుకు_టు_యూటా
తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నానండి. నా పక్కింటివాళ్ళు, మా మేనేజరు, మా పిల్లల డాక్టరు అందరూ వాళ్ళే. ఒక్కరికి ఒక్క పెళ్ళామే. పిల్లలు మాత్రం నలుగురైదుగురు ఉంటారు. మంచు పడిన పొద్దున నేను లేచేసరికి మా వాకిట్లో మంచు పక్కింటాయన ఎత్తేసి ఉంటాడు. చర్చికి రమ్మని ఒకట్రెండు సార్లు పిలుస్తారు. వద్దంటే నొచ్చుకోరు. డిపాజిట్ వదులుకోకండి.

పాలకొల్లు_బుల్లోడు
గుర్రబ్బళ్ళమీద తిరుగుతూ, కరెంటు వాడనిది వీళ్ళేనా?

తణుకు_టు_యూటా
కాదు బాబూ, వాళ్ళు ఆమిష్. మా పక్కింటాయన దగ్గర రెండు టెస్లాలున్నాయి.

దానవాయిపేట_ప్లీడరు
ఆ బస్సుల వీడియో నిజమేనమ్మా. మనుషులే వేరు.

మోర్మన్ చర్చి 1830లో జోసెఫ్ స్మిత్ పెట్టింది. వాళ్ళలో బహుభార్యాత్వం ఉండేది, 1852లో బాహాటంగానే ప్రకటించారు. ప్రభుత్వం ఊరుకోలేదు. 1862లో ఓ చట్టం, 1882లో ఇంకోటి, 1887లో ఏకంగా చర్చి సంస్థనే రద్దు చేసి ఆస్తుల మీద చెయ్యేసింది. 1890లో చర్చి అధ్యక్షుడు వుడ్రఫ్ ఇక అలాంటి పెళ్ళిళ్ళు వద్దని ప్రకటించాడు. అలా వదిలాకే 1896లో యూటాకి రాష్ట్ర హోదా వచ్చింది. 1904లో ఇంకా గట్టిగా చెప్పారు, చేసుకుంటే వెలే. ఇప్పటికీ అంతే.

మధ్యలో 1879లో రేనాల్డ్స్ కేసు, రెండో పెళ్ళి చేసుకున్న ఓ మోర్మన్ మీద. ఏం నమ్ముతావో నీ ఇష్టం, ఏం చేస్తావో మాత్రం చట్టం చూసుకుంటుందంది అమెరికా సుప్రీంకోర్టు. దానికి దృష్టాంతం ఏమిచ్చారో తెలుసా? మొగుడి చితిమీద కాలిపోవడం తన ధర్మమని భార్య నమ్మితే ప్రభుత్వం ఆపకూడదా, అని. పైగా బహుభార్యాత్వం దాదాపు ఆసియా, ఆఫ్రికా జనాల అలవాటే అని ఓ మాట తగిలించారు. అంటే మనమే! వాళ్ళ జడ్జీలు మనల్ని చూపించి భయపెట్టారు, ఇప్పుడు మనం వాళ్ళని చూసి భయపడుతున్నాం.

మా తాతగారికి ఇద్దరు భార్యలు, ఇద్దరూ తాళి కట్టినవాళ్ళే. వంటింట్లో రెండు పొయ్యిలుండేవి. పెద్ద మామ్మ పొయ్యిమీద చిన్న మామ్మ ఎసరు పెట్టకూడదు. మన జిల్లాలు మద్రాసులో ఉన్నప్పుడు, 1949లో అక్కడి ప్రభుత్వం చట్టం తెచ్చేదాకా హిందువులకి అది నేరమే కాదు. అప్పటికి వాళ్ళ చర్చి వద్దని 59 ఏళ్ళు.

వద్దన్నాక ఒప్పుకోనివాళ్ళు విడిపోయి వేరే కుంపట్లు పెట్టుకున్నారు. అరిజోనా, యూటా సరిహద్దులో షార్ట్ క్రీక్ అని ఓ ఊరు. 1953 జూలై 26 తెల్లవారుజామున అరిజోనా గవర్నర్ పైల్ పోలీసుల్ని పంపాడు, విలేకరుల్ని కూడా తోడిచ్చి. జనం మెచ్చుకుంటారనుకున్నాడు. రెండొందల పైచిలుకు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసిన ఫొటోలు చూసి జనం ఛీ అన్నారు. మరుసటేడు ఎన్నికల్లో ఓడాడు. ఆ దెబ్బతో దశాబ్దాలపాటు ఆ ఊరి జోలికెళ్ళడానికి అధికారులు జంకారు. ఆ జంకే తర్వాత ఆ విడిపోయిన గుంపుకి పెద్దైన వారెన్ జెఫ్స్‌కి కలిసొచ్చింది. ఆడపిల్లల్ని ముసలాళ్ళకి కట్టబెట్టించింది వాడే.

మీ వదినగారు చూసింది 2008 టెక్సస్ సంగతి అయ్యుంటుంది. జెఫ్స్ మనుషుల ఆవరణ అది. పదహారేళ్ళ పిల్ల పేరుతో వచ్చిన ఫోన్ నమ్మి వెళ్ళి నాలుగొందల మందికి పైగా పిల్లల్ని పట్టుకుపోయారు. ఆ ఫోన్ దొంగ ఫోనని తేలింది. ఆ పిల్లలందరికీ అప్పటికప్పుడు ముప్పుందని చూపించలేదు కాబట్టి తిరిగిచ్చెయ్యమని టెక్సస్ సుప్రీంకోర్టు చెప్పింది. నేరగాణ్ణి వదిలేశారని కాదు. పట్టుబడ్డ కాగితాలు, సాక్ష్యాలతో ఒక్కొక్కడి మీద విడిగా కేసులు నడిపారు, 2011లో జెఫ్స్‌కి యావజ్జీవం పడింది. నలభై ఏళ్ళ ప్రాక్టీసులో నేను చూసిందీ ఇదే. ఊరు మొత్తం మీద కేసు పెడితే నిలవదు.

2020లో యూటా ఇంకో అడుగు వేసింది. ఇష్టపడి బహుభార్యాత్వంలో ఉంటున్న పెద్దవాళ్ళ సంగతి చలానా కట్టే తప్పు స్థాయికి దించింది. బలవంతమైతే, మైనర్లయితే పాత కాఠిన్యమే. జైలు భయంతో నోరు మూసుకున్న ఆడవాళ్ళు స్టేషన్‌కి రావాలని. నాకు సబబుగానే తోచింది.

ధవళేశ్వరం_లక్ష్మి
తెల్లచొక్కా, గుండెమీద నల్లబిళ్ళతో ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికొచ్చారోసారి. వీళ్ళ చర్చివాళ్ళే. మా అత్తగారు టీ పెట్టిస్తే వద్దన్నారు, కాఫీ కూడా తాగరట. ఆవిడ చిన్నబుచ్చుకుంది. మజ్జిగిస్తే గ్లాసు ఖాళీ చేశారు. పూతరేకు పెడితే కాగితం అనుకుని ఒకడు విప్పడం మొదలెట్టాడు, పొడి మొత్తం ఒళ్ళో పడింది.

రావులపాలెం_గెల
ప్లీడరు గారూ, మొత్తం చదివి వినిపించానండి. రెండు పొయ్యిల దగ్గర వదిన నవ్వింది, మా వాళ్ళలోనూ అలాంటి ఇల్లుండేదట. ఇవాళ అన్నం తింది. ఇప్పుడు కొత్త దిగులు: "వాళ్ళు టీ ముట్టరంటే పిల్ల పొద్దున్నే టీ పెట్టుకోనిస్తారా?" తణుకు గారూ, మీరే చెప్పాలి.

తణుకు_టు_యూటా
కింది వాటాకి వంటగది విడిగా ఉందేమో కనుక్కోండి. ఉంటే పెట్టుకోవచ్చు. ఇంగువ పోపుకి మాత్రం కిటికీ తీసుకోమనండి, ఫైర్ అలారం మోగుతుంది.