సమస్యాపూరణం: “నిన్న తిన్న రుచియె నేడు లేదు”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య నాకు ఒక రెస్టారెంట్‌లో దొరికింది. చిన్న చిన్న పళ్ళేలలో వడ్డించే చోటు అది. మెనూ రోజూ మారుతుంది. బల్లలన్నీ నిండి, ఎదుటి మనిషి మాట వినాలంటే ముందుకు వంగాల్సినంత సందడి. పక్క బల్ల దగ్గర ఒకాయన “నిన్న తిన్నది ఇవాళ లేదా?” అని దిగులుగా అడిగాడు. ఆ ప్రశ్న నా చెవిలో ఆటవెలది నాలుగో పాదమై కూర్చుంది. ఐదూ సూర్యగణాలే (మూడు లఘువులు, అంటే పొట్టి అక్షరాలు; లేదా ఒక గురువు, అంటే పొడుగు అక్షరం, తర్వాత ఒక లఘువు), ‘ని–నే’ యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు). పైకి ఇది ఫిర్యాదు. దీన్ని మెప్పుగా మార్చగలరా అన్నదే నా ప్రశ్న.

మొదటి పూరణ:

సుద్ద చేత బట్టి సూచిక మార్చెను
వంటవాడు పలక వద్ద నిలిచి;
నేటి తోట చూసి నేటిదే వండెను;
నిన్న తిన్న రుచియె నేడు లేదు.

నిర్వాహకుడు:
మూడో పాదం నాకు చాలా నచ్చింది. మెనూ ఎందుకు మారిందో ఒక్క ముక్కలో చెప్పేశారు. ‘సూచిక’ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆ పలకను అలా ఎవరూ పిలవరు, పుస్తకం చివరి పేజీలు గుర్తొస్తాయి. ‘మెనూ’ లఘువు, గురువు కాబట్టి విడిగా గణం కాదు. కానీ ముందు ‘ఈ’ చేరిస్తే రగణం (గురువు, లఘువు, గురువు) అవుతుంది, అక్కడ పడాల్సిన ఇంద్రగణాల్లో (సూర్యగణం కన్నా పొడవైనవి) అదొకటి: “ఇంత సుద్ద పట్టి యీ మెనూ మార్చెను”. యతి కూడా నిలుస్తుంది. వాడుక మాటకు చోటు దొరికే వీలుంటే వదులుకోకండి.

రెండో పూరణ (పద్యం రాయడం నాకు ఇదే మొదటిసారి, తప్పులు చెప్పండి):

నలుగు రొక్క బల్ల నానుకు కూర్చుండి
పంచుకొన్న ముద్ద బంగారమాయె;
నిన్న యొంటిగాను తిన్నది గుర్తేల?
నిన్న తిన్న రుచియె నేడు లేదు.

నిర్వాహకుడు:
మొదటిసారే ఇంత దూరం వచ్చారు! వంట మారలేదు, తినేవాళ్ళు మారారు, అందుకే రుచి మారింది. ఈ దారి నాకు తట్టనే లేదు. మూడో పాదంలో ‘నిన్న–తిన్న’ ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం), ఆటవెలదిలో చెల్లుతుంది. తప్పు ఒక్కటే: రెండో పాదంలో ‘బంగార’ తగణం (గురువు, గురువు, లఘువు), అంటే ఇంద్రగణం. అక్కడ సూర్యగణం పడాలి. “పంచుకొన్న ముద్ద పసిడి ముద్ద” అనండి, భావం చెదరదు.

ఒక సభ్యురాలు:
ఈ పద్యానికి ఒక మాట చేర్చాలనిపించింది. ఒకే వంటకం వరసగా తింటుంటే దాని మీద ఇష్టం తగ్గుతుంది, వేరే రుచి తగలగానే మళ్ళీ తినాలనిపిస్తుంది. 1981లో ఆహారపు అలవాట్ల పరిశోధకురాలు బార్బరా రోల్స్ బృందం దీన్ని ప్రయోగంలో చూపింది. నలుగురు కలిసి ఎనిమిది పళ్ళేలు చెప్పుకుంటే ఒక్కొక్కరికీ ప్రతిదాంట్లో రెండు మూడు ముద్దలే వస్తాయి. అంటే ఇష్టం తగ్గకముందే పళ్ళెం ఖాళీ. పంచుకోవడంలోనే రుచి ఉందని కవి ఊరికే అనలేదు.

మూడో పూరణ:

మరల మరల కోరి మనసున దాచితి;
దాని కొరకె నేను దారి నడిచి
పలక చూడ పేరు పాతది చెరిగెను;
నిన్న తిన్న రుచియె నేడు లేదు.

నిర్వాహకుడు:
మీరు ఫిర్యాదును ఫిర్యాదుగానే ఉంచారు. నేను అడిగింది ఇది కాదు. అయినా చదివాక గొంతు పట్టుకుంది. ‘పేరు పాతది’ యతి కోసం తిరగబడినట్టు తెలుస్తోంది, అక్కడ కాస్త సాఫీ చేయండి. “దాని కొరకె” అన్న మాట మాత్రం కదపకండి.

ఇంకో సభ్యుడు:
“నిన్న తిన్నట్టి రుచియింత నేడు లేదు” అని తేటగీతిగా మార్చుకోవచ్చా?

నిర్వాహకుడు:
గణాలు సరిపోయాయి, చెవికీ బాగుంది. కానీ ఇచ్చిన పాదాన్ని ముట్టుకోకూడదు. కట్టు అదే ఉండాలి, దారి మీదే కావాలి.

నాలుగో పూరణ (వంటవాడి మాటగా):

ఒక్క గంపె దొరికె నుదయాన చిరుదుంప;
చిన్న పళ్ళెములుగ చేసి పెడితి;
గంప వట్టిదాయె, కథ ముగిసెను గదా!
నిన్న తిన్న రుచియె నేడు లేదు.

నిర్వాహకుడు:
ఈ వారం నా మనసు దీని దగ్గరే ఆగింది. పళ్ళెం ఎందుకు చిన్నదో, వంటకం ఎందుకు నిలవదో రెండింటికీ ఒకే గంప జవాబు. సరుకు కొంచెమే ఉన్నప్పుడు పెద్ద పళ్ళేలు నింపితే కొందరికే అందుతుంది, చిన్నవి నింపితే ఎక్కువమందికి అందుతుంది. పదార్థం కొంచెమే కనుక కొత్త ప్రయోగానికీ భయం ఉండదు. ‘గ–క’ ఒకే వర్గం, యతి చక్కగా కుదిరింది. ఆ ‘గదా’లో వంటవాడు ఎదురుగా నిలబడి చెబుతున్నట్టుంది.

మూడో పూరణ రాసినాయన:
నాలుగో పద్యం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను చెరిగిన పేరునే చూశాను, ఖాళీ అయిన గంపను ఆలోచించలేదు. నా మూడో పాదం ఇలా మార్చాను, ఇక ‘పేరు పాతది’ గొడవ లేదు:

గంప ఖాళి యనుచు కబురు నాకందెను;

నిర్వాహకుడు:
‘గంప–కబురు’ యతి సరే. ‘కబురు నా’ నగం (మూడు లఘువులు, గురువు), ‘కందెను’ భగణం (గురువు, రెండు లఘువులు), రెండూ ఇంద్రగణాలే, గణాలూ సరే. ఇప్పుడు మూడు, నాలుగు పద్యాలు పక్కపక్కన పెట్టి చదవండి. ఒకరు వంటింట్లోంచి, ఒకరు గుమ్మంలోంచి మాట్లాడుకుంటున్నారు.