తొమ్మిదేళ్ల టీవీకి మాట ఉంది, బొమ్మ లేదు: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

రిమోట్ ఎక్కడ:
మా ఇంట్లో 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ. కొని తొమ్మిదేళ్లు నిండాయి. పోయిన వారం నుంచి ఆన్ చేస్తే ఒక్క సెకను బొమ్మ మెరిసి తెర నల్లబడిపోతోంది. మాటలు మాత్రం చక్కగా వినిపిస్తున్నాయి. మా నాన్న ఏమీ జరగనట్టే సాయంత్రం కుర్చీ లాక్కుని, ఆ నల్లటి తెర వైపే చూస్తూ వార్తలు వింటున్నారు. నవ్వూ వస్తోంది, జాలీ వేస్తోంది.

ఒక మెకానిక్‌ని పిలిచాను. వెనక మూత కూడా విప్పకుండా "ప్యానెల్ పోయిందండీ, వీటిని ఎవరూ బాగుచేయించరు, కొత్తది కొనేయండి" అని వెళ్లిపోయాడు. ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. మా ఆవిడ కొత్తది అంటోంది. నాన్న "మాట్లాడుతున్న టీవీని పారేస్తారుట్రా?" అంటున్నారు. మీరేమంటారు?

సోల్డరింగ్ మామ:
మూత విప్పకుండా ప్యానెల్ పోయిందన్నవాడి మాట ముందు పక్కన పెట్టండి. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మీరు చెప్పిన లక్షణం బ్యాక్‌లైట్‌ది.

మనం ఎల్‌ఈడీ టీవీ అంటాం గానీ లోపల ఉండేది ఎల్‌సీడీ ప్యానెలే, అంటే బొమ్మ వచ్చే అద్దం. దానికి సొంత వెలుగు లేదు. వెనక స్ట్రిప్‌ల మీద ఉన్న చిన్న ఎల్‌ఈడీ బల్బులు వెలిగితేనే బొమ్మ కనపడుతుంది. ఆ బల్బుల్ని చాలావరకు సీరియల్ లైట్ల దండలా ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. ఒక్కటి తెగితే వరుసంతా ఆరిపోతుంది. వాటికి కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్ మొదలవ్వగానే తేడా కనిపెట్టి మొత్తం ఆపేస్తుంది. మీకు ఒక్క సెకను మెరిసి ఆరిపోయేది అందుకే.

రాత్రి గదిలో లైట్లు ఆపేసి, టీవీ ఆన్ చేసి, టార్చ్‌ని తెరకి దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టి చూడండి. లోపల బొమ్మలు లీలగా కదులుతుంటే ప్యానెల్ బతికే ఉంది. మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా పవర్ బోర్డు మీద కరెంటు నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

మూడుసార్లు మునిగా:
మామగారి మాట వినడానికి బాగానే ఉంటుంది. నా అనుభవమూ వినండి. మాదీ ఇలాంటిదే. మొదటిసారి టీవీ ఆన్ అవ్వడానికి పది నిమిషాలు పడుతుంటే కెపాసిటర్లు మార్చారు. ఏడాది తిరక్కుండా మీకు వచ్చిన జబ్బే వచ్చింది, బల్బు మార్చారు. నాలుగు నెలలకి మళ్లీ చీకటి, మళ్లీ రిపేరు. ఈసారి తిరిగొచ్చాక తెర మీద నిలువు గీతలు! "అది ముందు నుంచీ ఉందండీ" అన్నాడు. ఎక్కడుంది? బ్యాక్‌లైట్ మార్చాలంటే ప్యానెల్ అద్దాన్ని ఎత్తి పక్కన పెట్టాలి. దాని అంచున ఉండే సన్నటి రిబ్బన్లలో ఒకటి దెబ్బతింటే కథ ముగిసినట్టే. చారాణా కోడికి బారాణా మసాలా అయింది నా పని. చివరికి కొత్తదీ కొన్నాను. మొదటిరోజే కొని ఉంటే మూడు రిపేర్ల డబ్బు మిగిలేది, అంతకన్నా ఎక్కువగా టెన్షన్ తప్పేది.

సోల్డరింగ్ మామ:
మీ బాధ నిజమే. మీకు గీతలు తెచ్చినవాడిని నేను వెనకేసుకురాను. కానీ ఒక్క మాట అడుగుతాను: రెండోసారి ఒక్క బల్బే మార్చారా, సెట్టు మొత్తమా?

మూడుసార్లు మునిగా:
ఒక్కటే. "మిగతావి బాగున్నాయి" అన్నాడు.

సోల్డరింగ్ మామ:
అదీ సంగతి. అన్ని బల్బులూ ఒకే రోజు పుట్టి, ఒకే వేడిలో, అన్నేళ్లూ కలిసి వెలిగాయి. ఒకటి పోయిందంటే పక్కవి కూడా అదే దారిలో ఉన్నట్టు. స్ట్రిప్‌ల సెట్టు మొత్తం మార్చాలి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాక్‌లైట్‌ని 100 నుంచి 60కో 70కో దించాలి. చాలా ఇళ్లలో అది ఫుల్లుగానే ఉండిపోతుంది, బల్బుల్ని తినేసేది ఆ వేడే.

మీ మొదటి రిపేరుకీ దీనికీ సంబంధం లేదు. కెపాసిటర్ లోపలి ద్రవం వేడికి ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని మా లెక్క. పైభాగం ఉబ్బి కనపడుతుంది. మార్చేది చిన్న భాగమే, టీవీ మీద అది చాలా ఏళ్లు నిలబడే పని.

అద్దం పగిలినా, అంచు రిబ్బన్ ఊడి గీతలు వచ్చినా నేనే కొత్తది కొనమంటాను. టీవీ ఖరీదులో పెద్ద వాటా ప్యానెల్‌దే.

లెక్కల మాస్టారు:
రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనాలని అందరూ అంటారు. దేంట్లో సగం? షోరూమ్‌లో కళ్లు చెదిరే 65 అంగుళాలదాంట్లోనా? మీది 43 అయితే 43తోనే పోల్చండి. ఆపైన ఎన్నేళ్లు వస్తుందో దానితో భాగించండి. రిపేరు చేసినది రెండేళ్లు, కొత్తది ఎనిమిదేళ్లు అనుకుంటే, రిపేరు కొత్తదాని ధరలో నాలుగో వంతు అయినా రెండూ సమానమే! సగం సూత్రం పాత టీవీకి మరీ ఉదారంగా ఉంటుంది.

కరెంటు సంగతి: మీది ఎల్‌ఈడీ కాబట్టి అదే సైజులో కొత్తది కొన్నా పెద్ద తేడా రాదు. ఎవరి దగ్గరైనా పాత ప్లాస్మా ఉంటే లెక్క వేరు. 150 వాట్లు తగ్గి, రోజుకి ఐదు గంటలు చూస్తే ఏడాదికి దాదాపు 274 యూనిట్లు మిగులుతాయి. కానీ జనం కొత్తది కొనేటప్పుడు పాత సైజే కొంటారా?

యాప్ రావట్లేదు:
అందరూ బల్బుల దగ్గరే ఆగిపోయారు. తొమ్మిదేళ్ల స్మార్ట్ టీవీలో తెర కన్నా ముందు ముసలిదయ్యేది సాఫ్ట్‌వేర్. 2015లో యూట్యూబ్ యాప్‌లకి వీడియోలు అందించే తన పాత పద్ధతిని ఆపేసినప్పుడు 2012, అంతకుముందు వచ్చిన చాలా టీవీల్లో ఆ యాప్ పనిచేయడం మానేసింది. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ 2010, 2011 నాటి కొన్ని శామ్‌సంగ్ టీవీలకి ఆగిపోయింది. రిపేరు చేయించి, రేపు యాప్ రాకపోతే?

సోల్డరింగ్ మామ:
టీవీకి ఉండే హెచ్‌డీఎంఐ సాకెట్లో యాప్‌లు నడిపే చిన్న స్టిక్ ఒకటి గుచ్చుకుంటే సరి. దాని కోసం తెరంతా పారేయడం ఎందుకు? లోగో దగ్గరే ఆగిపోయి మళ్లీ మళ్లీ మొదలవుతుంటే అది మెయిన్‌బోర్డు జబ్బు, వేరే కథ.

చెత్త లెక్క:
2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. లెక్కాపత్రం ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. యూరప్‌లో 2021 నుంచి, ఒక టీవీ మోడల్ అమ్మకాలు ఆగాక కూడా కనీసం ఏడేళ్లు విడిభాగాలు అందుబాటులో ఉంచాలన్న నిబంధన వచ్చింది. బాగుపడే వస్తువుని బాగుచేయడమే న్యాయం.

మూడుసార్లు మునిగా:
ఆ యూరప్ నిబంధనలోని విడిభాగాల జాబితాలో పవర్ సప్లై, కనెక్టర్లు, కెపాసిటర్లు ఉన్నాయి, ప్యానెల్ లేదండీ. నాకు కావాల్సింది అదే! చెత్త మాటకి మాత్రం ఒప్పుకుంటాను. నా పాతది ఇంకా అటక మీదే ఉంది, ఎవరికివ్వాలో తెలియక.

రిమోట్ ఎక్కడ:
టార్చ్ పరీక్ష చేశాం. రాత్రి లైట్లన్నీ ఆపేసి, టార్చ్ నాన్న చేతికిచ్చాను. మొదట ఏమీ కనపడలేదు. కాస్త పక్కకి వంచి పట్టమంటే, వెలుగు పడిన మేరకి న్యూస్ చదివే ఆవిడ ముఖం, కింద పరుగెత్తే అక్షరాలు నీళ్ల అడుగున ఉన్నట్టు కనపడ్డాయి. నాన్న టార్చ్‌ని అక్షరాల వెంట నడుపుతూ రెండు హెడ్‌లైన్లు చదివేశారు కూడా!

ఇంకో మెకానిక్ దొరికాడు. స్ట్రిప్‌ల సెట్టు మొత్తం మారుస్తాడట, మూడు నెలల గ్యారంటీ. ఖర్చు అదే సైజు కొత్తదాంట్లో ఐదో వంతు లోపే. లెక్కల మాస్టారి లెక్కలో గట్టెక్కింది. మా ఆవిడ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది: ఏ కారణంతో అయినా ఇంకోసారి పాడైతే చర్చ లేకుండా కొత్తదే. నాన్న తలూపారు.

మూడుసార్లు మునిగా:
షరతు బాగుంది, నేను అదే పెట్టుకోలేదు. టీవీని రిపేరుకి ఇచ్చే ముందు ఫుల్ తెల్ల తెర, ఫుల్ నల్ల తెర పెట్టించి, వెలుగు కనపడే ఆ ఒక్క సెకనులోనే అయినా ఫోన్లో వీడియో తీసుకోండి. గీతలు ముందు నుంచీ ఉన్నాయని రేపు ఎవరూ అనకుండా.

సోల్డరింగ్ మామ:
మంచి సలహా. నాదీ ఒకటి: 43 అంగుళాల అద్దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి. వచ్చినవాడు ఒక్కడే వస్తే ఆ రోజు పని వద్దనండి. మీరు సాయం పడతానని కూడా అనకండి.