బ్రేక్ మాస్టర్ సిలిండర్ ఇంట్లో మార్చుకోవచ్చా, కూడదా?

పాతబండి:
సిగ్నల్ దగ్గర బ్రేక్ మీద కాలు పెట్టి ఆగితే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది. చక్రాల దగ్గర, పైపుల జాయింట్ల దగ్గర ఎక్కడా తడి లేదు. సిలిండర్ మీది డబ్బాలో బ్రేక్ ఆయిల్ కూడా తగ్గలేదు. మాస్టర్ సిలిండర్ లోపల సీళ్లు పోయినట్టున్నాయి. ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ ఎప్పుడూ నేనే మార్చుకుంటాను. ఇది కూడా ఇంట్లో చేయొచ్చా? మా బావమరిది మాత్రం బ్రేకుల జోలికి పోవద్దంటున్నాడు.

షెడ్డు_మనిషి:
మీ బావమరిది మాటే వినండి. ప్యాడ్ సరిగా కూర్చోకపోతే ఆ ఒక్క చక్రం దగ్గరే తేడా వస్తుంది. నాలుగు చక్రాలకూ ప్రెషర్ పంపేది మాస్టర్ సిలిండర్. లోపల రెండు పిస్టన్లు, రెండు సర్క్యూట్లు (ఆయిల్ వెళ్లే విడివిడి దారులు) ఉన్నాయి కదా, ఒకటి పోయినా ఇంకోటి పనిచేస్తుంది కదా అంటారు. కానీ సిలిండర్ విప్పినప్పుడు రెండింట్లోకీ గాలి పోతుంది, అప్పుడు ఆ రెండోది కూడా ఆదుకోదు. రోడ్డు మీద మీ ముందు నడిచేవాళ్లు ఈ రిస్కుకు ఒప్పుకోలేదు.

రెంచి:
ప్రమాదం సంగతి నేనూ కాదనను. కానీ ఎక్కడ చేసినా ఈ పనిని చెడగొట్టేది తొందరే. సొంత బండి కాబట్టి ఇంట్లో తీరిగ్గా చేస్తాం. నా వాదన అదే.

ముందు జబ్బు ఖాయం చేసుకోండి. సిలిండర్ నుంచి పైపులు విప్పి, ఆ రంధ్రాలకు సరైన ప్లగ్గులు బిగించి పెడల్ నొక్కండి. అప్పుడూ దిగిపోతుంటే తప్పు సిలిండర్‌దే. గట్టిగా నిలబడితే అవతల ఎక్కడో ఉంది, సిలిండర్ కొనడం దండగ.

పైపు నట్లకు మామూలు స్పానర్ వేస్తే మూలలు అరిగి గుండ్రమైపోతాయి. ఫ్లేర్ నట్ స్పానర్ దాదాపు చుట్టూ పట్టుకుంటుంది, అదే వాడండి.

అసలు పని బెంచ్ మీదే ఉంది, బండికి బిగించకముందే సిలిండర్ లోపలి గాలి తీసేయడం. కొత్త సిలిండర్‌ని వైస్‌లో (బెంచ్‌కి బిగించిన పట్టుకారులో) సమంగా పట్టించాలి. ముక్కు పైకి లేస్తే గాలి అక్కడే నిలిచిపోతుంది. రెండు రంధ్రాలకూ ప్లాస్టిక్ ట్యూబులు పెట్టి, కొసలు డబ్బాలోని ఆయిల్‌లో మునిగేలా ఉంచండి. మొద్దు మొన ఉన్న రాడ్‌తో పిస్టన్‌ని నిదానంగా నొక్కి, నిదానంగా వదలండి. మొదట ట్యూబుల్లో తెల్లటి నురగ, తర్వాత ఒక్కొక్కటిగా బుడగలు, ఆపైన ఒట్టి ఆయిల్. ఆఖరి చిన్న బుడగ పోయేదాకా ఆపొద్దు. చాలామంది ఇక్కడే తొందరపడి, తర్వాత చక్రాల దగ్గర ఎంత గాలి తీసినా పెడల్ మెత్తగానే ఉందని తలపట్టుకుంటారు.

బండికి బిగించేటప్పుడు పైపు నట్లు ముందు చేత్తో తిప్పి పట్టించండి. సిలిండర్ బోల్టులు అప్పటిదాకా వదులుగానే ఉండాలి, లేకపోతే మర తప్పుతుంది.

రాత్రి_డ్రైవర్:
ఆయిల్ సంగతి ఒకటి. ఎప్పుడో మూత తీసిన సీసాలోది పోయకండి, అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హామీ 155కి పడిపోతుంది. డాట్ 5 సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలపకూడదు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోసి కడిగేయండి.

షెడ్డు_మనిషి:
రెంచి గారు, బెంచ్ పని బాగా చెప్పారు. పుష్‌రాడ్ మాట మర్చిపోయారు. బూస్టర్‌కీ (కాలి బలాన్ని పెంచే భాగం) పిస్టన్‌కీ మధ్య ఉండే ఆ రాడ్ కాస్త పొడుగైతే పెడల్ వదిలినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. మొదట బాగానే ఉంటుంది, కొంత దూరం పోయాక వేడెక్కి బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. ఇంటి ముందు ఒక రౌండు వేసి చూస్తే ఇది బయటపడదు. పాత సిలిండర్ కొలతతో పోల్చి, తేడా ఉంటే సర్దాలి.

ఇంతకీ మీ బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉందా?

పాతబండి:
ఉందండీ.

షెడ్డు_మనిషి:
అయితే నా మాట మారదు. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే చాలా బండ్లలో పెడల్ నొక్కి తీయలేరు. స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించే పరికరం) పెట్టి లోపలి పంపునీ వాల్వులనీ ఆడించాలి.

రెంచి:
ఒప్పుకుంటాను. ఏబీఎస్ లేని బండి అయితే నిస్సందేహంగా చేయమనేవాణ్ని. అయినా సిలిండర్ ఇంట్లో బిగించి, గాలి తీసే పని మాత్రం షెడ్డులో చేయించుకోవచ్చు కదా?

షెడ్డు_మనిషి:
షెడ్డు దాకా ఏ బ్రేకులతో వస్తారు? నాకు భయం వేసేది అక్కడే. పెడల్ సగం పనిచేస్తోంది, దగ్గరే కదా అని బయల్దేరతారు.

రెంచి:
నిజమే. నడుపుకుంటూ మాత్రం వెళ్లకూడదు. ఆ మాటకొస్తే పెడల్ దిగిపోతున్న బండిని ఈరోజు కూడా తీయకూడదు.

పాతబండి:
ఈరోజు నుంచే బండి ఆపేస్తున్నాను. సిలిండర్ నేనే మార్చాలనే ఉంది.

షెడ్డు_మనిషి:
సరే. స్కానర్‌తో ఇంటికి వచ్చే మెకానిక్‌తో ముందే మాట్లాడుకోండి. మీ మోడల్‌కి ఏబీఎస్ బ్లీడింగ్ (లోపలి గాలి తీయడం) చేయగలడా అని అడగండి. అతను వస్తానని రోజు చెప్పాకే మొదటి నట్టు వదులు చేయండి. అలాంటి మనిషి దొరక్కపోతే ఏదీ విప్పకుండా బండిని టోయింగ్‌లో పంపించండి.