ప్రాసెసరు మార్చాక ఆటలు మధ్యలో ఆగుతున్నాయి: బయోస్ మార్చడమే మార్గమా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పాత కంప్యూటరులో మదర్‌బోర్డునూ గ్రాఫిక్స్ కార్డునూ అలాగే ఉంచి, బరంపురంలో కొన్న రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసరు, రెండు 8 జీబీ ర్యామ్‌లు వేయించాను. అప్పటి నుంచి ఏ ఆట ఆడినా, తెర మూలన సెకనుకు 90 ఫ్రేములు కనిపిస్తూనే ఉన్నా, ఉన్నట్టుండి బొమ్మ బిగుసుకుపోయి, శబ్దం గరగరలాడి, ఒకటి రెండు సెకన్ల తరువాత మళ్లీ మామూలుగా సాగుతోంది. వేడి కారణం కాదు. ప్రాసెసరు 70 డిగ్రీలు దాటడం లేదు. ర్యామ్‌లు రెండవ, నాలుగవ స్లాట్లలోనే ఉన్నాయి. ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగాన్ని పెంచే అమరిక) ఆపి చూసినా, గ్రాఫిక్స్ డ్రైవరును పూర్తిగా తీసి మళ్లీ వేసినా తేడా లేదు.

ఎఫ్‌టీపీఎం (ప్రాసెసరులోనే ఉండి, భద్రతా తాళాలను చూసుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న కొన్ని రైజెన్ కంప్యూటర్లలో ఇటువంటి ఆటంకం రావచ్చనీ, కొత్త బయోస్‌తో (కంప్యూటరును మొదట మేల్కొలిపే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాముతో) అది సరవుతుందనీ రైజెన్ తయారీ సంస్థ ఏఎండీ 2022లో ప్రకటించింది. నా బోర్డులోని బయోస్ 2021 నాటిది, విండోస్ 11 కోసం ఎఫ్‌టీపీఎం ఆన్ చేసే ఉంది కనుక అనుమానం అటే పోతోంది. అయితే బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. మా ఇంట్లో యూపీఎస్ లేదు, గాలివానల కాలంలో ఇక్కడి కరెంటును నమ్మలేము. అందువల్ల ముందు ఎఫ్‌టీపీఎంను తాత్కాలికంగా ఆపి పరీక్షించాలనుకుంటున్నాను. బిట్‌లాకర్‌ను (డిస్కులోని సమాచారానికి విండోస్ వేసే తాళాన్ని) నిలిపివేసి, రికవరీ కీ రాసిపెట్టుకుంటే సరిపోతుందా, ఇంకేమైనా జాగ్రత్త అవసరమా? అప్పటికీ ఆగితే తరువాత దేనిని పరిశీలించాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.