ఇల్లు బాగుచేయించడానికి "ఎకో" సామాను కొనాలా, ఉన్నదాన్నే రిపేరు చేసుకోవాలా?

పాతగుమ్మం:
అందరికీ నమస్తే. మా ఇల్లు కట్టి ముప్పై ఏళ్ళు దాటింది, ఇప్పుడు కాస్త బాగుచేయిద్దామని దిగాం, తలుపులు అడుగున పుచ్చిపోయాయి, వంటింటి అరలు చెమ్మకి ఉబ్బాయి, గోడలకి పెచ్చులు లేస్తున్నాయి, పై గదిలో మధ్యాహ్నం పూట నిలబడలేకపోతున్నాం. నెల రోజులుగా సామాన్ల షాపులు తిరుగుతున్నా, ఎక్కడికెళ్ళినా ఒక వరస మొత్తం ఆకు బొమ్మలే, ఎకో రంగు, ఎకో ఫ్లోరింగు, ఎకో కుళాయి.

నిన్న ఒక రంగు డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశా. ముందువైపు పచ్చటి ఆకు, దాని కింద ప్రకృతికి నేస్తం అని పెద్ద అక్షరాలు. వెనకవైపు చిన్న అక్షరాలన్నీ చదివా, లీటరుకి వీఓసీ (రంగులోంచి ఆవిరై గాలిలో కలిసే రసాయనాలు) ఎన్ని గ్రాములో లేదు, ఎవరు పరీక్షించారో లేదు, సీసం గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే "కంపెనీవాళ్ళే రాశారు కదండీ" అన్నాడు అక్కడి కుర్రాడు. వాడి తప్పేం లేదు, వాడికి ఎవరు చెప్పారు గనక.

నా మాట సూటిగా చెప్తా. ఈ ఎకో వరసల వల్ల ఒరిగేదేం లేదు, ఇంకా పదేళ్ళు పనికొచ్చే వస్తువుని పీకి పారేసి కొత్తది కొనుక్కోడానికి మన మనసుకి ఒక సాకు దొరుకుతోంది అంతే. కాదంటారా? ఎందుకు కాదో చెప్పండి. నిజంగా వినడానికే అడుగుతున్నా, రేపోమాపో డబ్బు పెట్టాల్సింది నేనే.

కొట్టుబల్ల:
పాతగుమ్మం గారూ, నేను హార్డ్‌వేర్ షాపు నడుపుతాను, పదిహేనేళ్ళ పైమాటే. మీ కోపం అర్థమైంది గానీ మీరు చెప్పింది సగమే నిజం. షాపులో ఏది పెడతాం ఏది పెట్టం అన్నదాన్ని బట్టి చాలా మారుద్ది. పాత రంగు ఊడగొట్టే మందు సంగతే తీసుకోండి, పూస్తే రంగు బుడగలు లేచి ఊడొస్తుంది, అందులో మిథిలీన్ క్లోరైడ్ ఉండేది, గాలి ఆడని బాత్రూముల్లో వాడి ఆ ఆవిరికి ప్రాణాలు పోయినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో లోవ్స్, హోమ్ డిపో లాంటి పెద్ద షాపులు ఇక అమ్మం అని 2018లో చెప్పాయి, ప్రభుత్వం మామూలు జనానికి అమ్మకుండా ఆపింది 2019లో. ముందు షాపు కదిలింది, చట్టం వెనకాల వచ్చింది.

కలప కూడా అంతే. అంతరించిపోయే అడవుల కలప 2002 చివరికల్లా ఆపేస్తామని హోమ్ డిపో 1999లోనే ప్రకటించింది, పర్యావరణ సంఘాలు షాపుల ముందు నిలబడి నిలదీస్తే వచ్చిన మాట అది. జనం అడిగితే షాపు మారుద్ది, షాపు అడిగితే ఫ్యాక్టరీ మారుద్ది, ఆ అడగడం మొదలయ్యేది మీరు వద్దంటున్న ఆ వరస దగ్గరే. ఎల్ఈడీ బల్బు వచ్చిన కొత్తలో నా షాపులో దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు, ఎదురుగా కనపడేలా పెట్టి, వెలిగించి చూపించి, పాత బల్బు తినే కరెంటులో నాలుగో వంతు చాలు అని ఒక్కొక్కళ్ళకీ చెప్పి అమ్మాను. ఇప్పుడు ఫిలమెంటు బల్బు అడిగేవాళ్ళే లేరు. వరస ఎత్తేస్తే రేపు వచ్చే మంచి వస్తువుని ఎక్కడ పెట్టమంటారు?

లేబుల్‌చూడు:
ఇద్దరూ లేబుల్ అన్న ఒక్క మాటతో మూడు వేరువేరు సంగతులు మాట్లాడుతున్నారు. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) లెక్కలో వీటికి మూడు రకాలున్నాయి. 14024 నంబరు ప్రమాణం కింద వచ్చేవి బయటి సంస్థ పరీక్షించి ఇచ్చే గుర్తులు, జర్మనీ బ్లూ ఏంజెల్ 1978 నుంచి ఉంది, యూరప్ ఎకోలేబుల్ 1992 నుంచి ఉంది. 14021 కింద వచ్చేవి కంపెనీ తన గురించి తను చెప్పుకునేవి, పాతగుమ్మం గారు చూసిన ఆకు బొమ్మకి గట్టిగా అడిగితే ఈ గౌరవం కూడా దక్కదు ఎందుకంటే ఇక్కడ కూడా చెప్పినదానికి ఆధారం చూపాలి. 14025 కింద వచ్చేది వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పడే భారాన్ని అంకెల్లో పెట్టే పత్రం, ఈపీడీ అంటారు, సిమెంటు ఇన్సులేషన్ టైల్స్ లాంటివాటికి ఇది ఉంటుంది, కానీ అది మంచి వస్తువు అని ఆ పత్రం చెప్పదు, అంకెలు మాత్రమే ఇస్తుంది, పోల్చుకోవాల్సింది మనమే.

కెనడాలో టెర్రాచాయిస్ అనే సంస్థ 2007లో షాపుల్లో ఎకో అని రాసున్న 1,018 వస్తువులు తీసుకుని చూస్తే ఒక్కటి తప్ప అన్నిట్లో ఏదో ఒక అబద్ధమో దాపరికమో దొరికింది. వెయ్యి పైన వస్తువుల్లో ఒకటే ఒకటి! అందుకే యూరప్‌లో 2024లో చట్టం తెచ్చారు, నిరూపించకుండా "పర్యావరణహితం" లాంటి గుండుగుత్త మాటలు రాయకూడదు, 2026 సెప్టెంబరు 27 నుంచి అమలు.

రంగు డబ్బా మీద చూడాల్సింది ఒక్క అంకె. గోడలకి వేసే నీళ్ళ రంగుకి (మెరుపు లేని రకం) యూరప్‌లో 2010 నుంచి లీటరుకి 30 గ్రాముల వీఓసీ దాటకూడదు, అంతకన్నా ఎంత తగ్గితే అంత మంచిది. ఇంకో సంగతి, డబ్బాలో తెల్ల బేసు ఉంటుంది, షాపులో మెషీన్ పెట్టి కలర్ కలుపుతారు కదా, ఆ కలిపే కలరెంటులోనే వీఓసీ ఉండొచ్చు, అప్పుడు డబ్బా మీద అంకె పనికిరాదు. ముదురు రంగు తీసుకునేవాళ్ళు ఇది తప్పకుండా అడగండి.

చిత్రిక:
మాది వడ్రంగం ఇల్లు. నాన్న చేశాడు, ఇప్పుడు నేనూ అన్నయ్యా చేస్తున్నాం. నేను పాతగుమ్మం గారి పక్షమే, ఇంకా గట్టిగా కూడా.

తలుపు అడుగు పుచ్చిందని తలుపంతా మార్పిస్తారు జనం. మొన్న మేము ఒక తలుపు దించాం, చూస్తే పాడైంది కింద బద్ద ఒక్కటే, పైన చెక్క తట్టితే ఇత్తడి చెంబులా మోగుతోంది, ఆ ఇంటివాళ్ళు అప్పటికే ఎకో తలుపు ఒకటి ఆర్డర్ ఇచ్చేశారు, పైన పల్చటి పొర లోపల నొక్కిన పొట్టు. మేం పుచ్చిన మేరకి కోసేసి, అదే జాతి పాత చెక్క ముక్క తెచ్చి, కూసం తీసి బిగించి, చిత్రిక పట్టి, అడుగుకి నూనె పీల్చనిచ్చి మళ్ళీ ఎక్కించాం. ఒకటిన్నర రోజు పని. పొట్టు పలక అంచు ఒక్కసారి నీళ్ళు పీల్చిందంటే ఉబ్బి పొడిగా రాలుతుంది, మళ్ళీ స్క్రూ పట్టదు, ఇంక దానికి వైద్యం లేదు. వెదురు ఫ్లోరింగు అంటారు, వెదురు గడ్డిజాతి, మూడు నుంచి ఐదేళ్ళలో కోతకి వస్తుంది నిజమే, కానీ ఆ పీచుని పలకగా నిలబెట్టేది జిగురే, ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ (ఘాటు వాసన వచ్చే విషవాయువు) ఎంత ఉందో అడిగారా ఎవరైనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో, పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది.

అమెరికాలో 2011లో పాత భవనాల పరిరక్షణ ట్రస్టువాళ్ళు ఒక అధ్యయనం వేశారు. పాత కట్టడం వదిలేసి దానికన్నా 30 శాతం తక్కువ ఎనర్జీ తినే కొత్తది కట్టినా, ఆ కట్టడంలో వాతావరణం మీద పడిన భారం తీరడానికి 10 నుంచి 80 ఏళ్ళు పడుతుందని తేలింది. 80 ఏళ్ళు! కొత్త సామానుకి మనం ఇంత తొందరపడేది దేనికి?

ఖాళీసంచి:
ఒక చిన్న మాట. సామానే కాదు దాన్ని చుట్టి ఇచ్చేది కూడా చూడండి. డెన్మార్క్ ప్రభుత్వం 2018లో సంచుల మీద లెక్క వేయిస్తే మామూలు పత్తి సంచి వాతావరణం లెక్కలో ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే 52 సార్లు వాడాలి, మిగతా పర్యావరణ భారాలు కూడా అన్నీ చూస్తే 7,100 సార్లు. కొన్న ప్రతిసారీ కొత్త గుడ్డ సంచి ఉచితంగా ఇచ్చే షాపు మేలు చేస్తున్నట్టు కాదు. కంపోస్టబుల్ ప్యాకింగ్ కూడా అంతే, పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర వేడి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రంలో కరుగుతుంది గానీ పెరట్లో గుంట తీసి పూడిస్తే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది.

తడిగుడ్డ:
చిత్రిక గారూ మీ పని మీద గౌరవంతోనే చెప్తున్నా, అన్నిటికీ రిపేరే మందు అనకండి. ముప్పై ఏళ్ళ ఇల్లంటే పాత ఎనామిల్ రంగులో సీసం ఉండే అవకాశం గట్టిగా ఉంది. పెచ్చులు లేచాయి కదా అని సాండ్ పేపర్ పట్టి పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లో నేల మీద, పరుపుల మీద, పిల్లల చేతుల మీదకి వెళ్తుంది. మా దగ్గరి బంధువుల ఇంట్లో అదే జరిగింది, పాత గ్రిల్ మనమే బాగుచేసుకుందాం అని సంబరంగా వారం రోజులు గీకారు, తర్వాత రెండేళ్ళ పాపకి రక్తపరీక్ష చేయిస్తే సీసం తేలింది. ఆ తల్లి ఏడుపు నేను చూశాను. పిల్లల ఒంట్లో సీసం ఇంత ఉంటే ఫర్వాలేదు అనే మోతాదే లేదు. రంగుల్లో 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెప్తుంది, పాత రంగుల్లో వేలల్లో ఉండేది. గీకేముందు పెచ్చు ఒకటి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి, ఉంటే తడిపి గీకండి, లేదా గట్టిగా ఉన్నచోట ముట్టుకోకుండా పైన కొత్త కోటు వేసి మూసేయండి.

రెండోది. తలుపు కరెంటు తినదు, నీళ్ళు తాగదు. ఫ్యాను తింటుంది. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారుది) 30 వాట్ల లోపు, రోజుకి పది గంటలు తిరిగితే ఏడాదికి ఒక్కో ఫ్యాను మీద 160 యూనిట్ల పైన మిగులుతాయి. పాత కమోడ్ ఒక్కసారి నొక్కితే 13 లీటర్లు పోయేవి ఉన్నాయి, ఇప్పటివి 4.8 లీటర్లతో అదే పని చేస్తాయి. ప్రపంచంలో ఎనర్జీ వల్లా తయారీ వల్లా వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో 37 శాతం దాకా భవనాలదే, అందులో పెద్ద వాటా కట్టడంలో పోయేది కాదు, మనం అందులో కాపురం ఉన్నంత కాలం వాడేది. పై గది వేడి అన్నారు కదా, ముదురు రంగు కప్పు ఎండలో 65 డిగ్రీల దాకా కాలుతుంది, అదే ఎండకి తెల్లటి కప్పు దానికన్నా 28 డిగ్రీలు తక్కువలో ఉండగలదు. దీనికి తెల్ల పూత కొనాల్సిందే, రిపేరుతో రాదు.

చిత్రిక:
తడిగుడ్డ గారూ, సీసం మాట ఒప్పుకుంటున్నా, మేం కూడా చాలా ఏళ్ళు మూతికి గుడ్డ కూడా లేకుండా గీకాం, నాన్న దగ్గు దేనివల్లో ఇప్పుడు ఆలోచిస్తుంటే గుండె పిసికినట్టుంది. తిరిగేవీ పారేవీ మార్చండి, నేను ఆపను. నిలబడి ఉండేవాటిని మాత్రం ముట్టుకోకండి, మీ 37 శాతం లెక్కలో తలుపులూ గచ్చులూ పీకి కొత్తవి వేసేది కూడా ఉంది కదా. కొత్త గచ్చు అంటే కొత్త సిమెంటు, ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం ఒక్క సిమెంటుదే.

కొట్టుబల్ల:
నాకు ఇక్కడ ఒకటి బాగా గుచ్చుకుంది, చెప్పేస్తా. కుళాయి కారుతోంది అని వస్తారు, లోపల వాషరో కార్ట్రిడ్జో మారిస్తే చాలు, సెకనుకో చుక్క అయినా ఏడాదికి వేల లీటర్లు పోతాయి కాబట్టి అది చిన్న పనేం కాదు. కానీ ఆ కార్ట్రిడ్జ్ నా దగ్గర ఉండదు, ఎందుకంటే ఒక్కో కంపెనీది ఒక్కో సైజు, దాని మీద మిగిలేది ఏం లేదు, అందుకని ఎకో అని రాసున్న కొత్త కుళాయి చేతిలో పెట్టి పంపుతా. పాతగుమ్మం గారు తిట్టిన పని నేను చేస్తున్నట్టే. ఈ వారం నుంచి ఎక్కువగా అడిగే నాలుగైదు రకాల కార్ట్రిడ్జులూ వాషర్లూ ఆ వరసలోనే కళ్ళెదురుగా పెడతాను, రంగు డబ్బాల్లో వీఓసీ అంకె లేనివాటిని అక్కడి నుంచి తీసేస్తాను. వరస మాత్రం ఎత్తను. అది లేకపోతే ఆ తెల్ల పూతా ఆ ఫ్యానూ మూలన పడతాయి, నేను కళ్ళారా చూశాను.

పాతగుమ్మం:
అందరికీ చాలా థాంక్స్ అండి. తలుపులు మార్చట్లేదు, కింద బద్దలు వేయిస్తున్నాం. గోడల పెచ్చు రెండు గదుల్లోంచి తీసి ల్యాబ్‌కి పంపాను, రిజల్టు వచ్చేదాకా ఎవరినీ గీకనివ్వను. ఫ్యాన్లలో ఎక్కువగా తిరిగే మూడు మారుస్తాం, చుట్టాలొస్తే తప్ప వేయని నాలుగోది అలాగే ఉంటుంది. కప్పుకి తెల్ల పూత. కొట్టుబల్ల గారూ, మీ వరస సంగతి నేనింకా పూర్తిగా ఒప్పుకోలేదు, అంకె లేని డబ్బాలు తీసేశాక మిగిలేది ఎంతో చూసి చెప్పండి, అప్పుడు మాట్లాడదాం. వంటింటి అరలు మాత్రం తేలలేదు, అవి పొట్టు పలకలే, ఉబ్బిపోయాయి, ఏం చేయమంటారు?

చిత్రిక:
అన్నీ పీకకండి. సింకు కిందవి, నేలకి ఆనినవి మాత్రమే పోయుంటాయి, పైవి తట్టి చూడండి, స్క్రూ పట్టు వదలకపోతే ఉంచేయండి. కింద వాటికి ప్లైవుడ్ తీసుకోండి, ఫార్మాల్డిహైడ్ ఎంతో పరీక్ష చేసిన కాగితం అడగండి, అమెరికా పరిమితి ప్లైవుడ్‌కి 0.05 పీపీఎం, పొట్టు పలకకి 0.09. కోసిన ప్రతి అంచూ సీల్ చేయించండి, నీళ్ళూ వాసనా రెండూ అక్కడి నుంచే. ఇంకా ముఖ్యం, అరని నేలకి ఆనించకుండా నాలుగంగుళాల కాళ్ళ మీద నిలబెట్టమనండి, కడిగిన నీళ్ళు కింద నుంచి పోతాయి, లీకు ఉంటే మీకు ముందే కనపడుతుంది.