ఇంటర్ చదివే పిల్లలను ఢిల్లీలో ఒక పూట వాళ్ళంతట వాళ్ళను తిరగనివ్వవచ్చా?

గోదావరిగట్టు:
అందరికీ నమస్కారం. వచ్చే దసరా సెలవులలో నాలుగు రోజులు ఢిల్లీ, ఒక రోజు ఆగ్రా చూసి రావాలని అనుకుంటున్నాము. నేను, మావారు, ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, మొదటి సంవత్సరంలో ఉన్న మా చెల్లెలి కొడుకు బయలుదేరుతున్నాము. పొద్దున ఎర్రకోట, మధ్యాహ్నం రాజ్‌ఘాట్, సాయంత్రం లోటస్ టెంపుల్ అన్న పద్ధతిలో రోజుకు ఐదారు చోట్లు చుట్టించే కారు మాట్లాడుకుందామని మావారు అంటున్నారు. పిల్లలిద్దరూ దీనికి ససేమిరా అంటున్నారు. ఏమేం చూడాలో తామే నిర్ణయిస్తామనీ, అందులో ఒక పూట మాత్రం పెద్దవాళ్ళెవరూ వెంట రాకుండా తామిద్దరమే మెట్రోలో తిరిగి వస్తామనీ పట్టుబట్టి కూర్చున్నారు. చోట్లు వాళ్ళు ఎంచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ ఒక్క పూట సంగతే తేలడం లేదు. మా అమ్మాయి కాలేజీకి ఒక్కతే వెళ్ళి వస్తుంది కానీ, మెట్రో ఎక్కి ఎరగదు, హిందీ అంతంత మాత్రమే. అబ్బాయి ఒక్కడే అయితే పంపేవాడినని మావారు అన్న రోజు నుంచి అది ఆయనతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఢిల్లీ తెలిసినవారు, ఈ వయసు పిల్లలతో తిరిగినవారు మీ అభిప్రాయం చెప్పగలరు.

ద్వారకావాసి:
అమ్మా, నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళుగా ఢిల్లీలో ఉంటున్నాను. పంపవచ్చుననే నా అభిప్రాయం, కాకపోతే ఎక్కడికి పంపుతున్నామన్నదాన్ని బట్టి ఈ జవాబు మారుతుంది. 2002 డిసెంబరులో మొదలైన ఢిల్లీ మెట్రో ఈ ఊరికి కొత్తగా వచ్చినవారికి పెద్ద ఆసరా. లోపలికి వెళ్ళేటప్పుడు తనిఖీ ఉంటుంది, ప్రతి స్టేషన్ పేరునూ హిందీలోనూ ఇంగ్లీషులోనూ చెబుతారు, గీతల రంగులు చూసుకుంటూ రైలు మారవచ్చు కనుక భాష రాని పిల్లలకు కూడా లోపల ఉన్నంతసేపూ ఇబ్బంది ఉండదు. చిక్కంతా స్టేషన్ బయట ఆటోవాడితోనూ ఈ-రిక్షావాడితోనూ బేరమాడవలసి వచ్చినప్పుడే మొదలవుతుంది. కాబట్టి స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగిన చోట్లనే వాళ్ళ పూటకు పెట్టండి. ఉదాహరణకు కుతుబ్ మినార్ పేరుతో స్టేషన్ ఉన్నప్పటికీ మినార్ అక్కడికి పక్కనే లేదు. ఎండలో నడవాలి, లేదా ఆటో ఎక్కాలి. అదే జన్‌పథ్ స్టేషన్‌లో దిగితే జైసింగు మహారాజు 1724లో కట్టించిన జంతర్ మంతర్, దాని తర్వాత కన్నాట్ ప్లేస్, కొంచెం అవతల అగ్రసేన్ బావి, అన్నీ కాలినడకనే అయిపోతాయి. ఆ మెట్ల బావి మీ పిల్లల వయసువారికి బాగా నచ్చుతుంది, ఫోటోలు దిగడానికే అనుకోండి.

ఇంకొక్క మాట: ఏ పథకం వేసినా సోమవారాన్ని ముందు చూసుకోండి. ఎర్రకోట, జాతీయ మ్యూజియం, రైలు మ్యూజియం, తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రి సంగ్రహాలయం, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్, చివరికి పిల్లలు తప్పకుండా అడిగే సరోజినీ నగర్ బజారు కూడా సోమవారం మూసే ఉంటాయి. తాజ్‌మహల్‌కు సెలవు శుక్రవారం.

ప్రకాశం బ్యారేజీ:
ద్వారకావాసి గారు చెప్పిన వివరాలు ఉపయోగకరమైనవే. అయితే మెట్రో సురక్షితమైనంత మాత్రాన పిల్లలను పంపవచ్చునని తేల్చడం నాకు సబబుగా తోచలేదు. పద్దెనిమిది నిండని ఇద్దరు, అందులోనూ ఒకరు వేరే తల్లి బిడ్డ, భాష తెలియని ఊళ్ళో ఉండగా ఏదైనా జరిగితే ఆ చెల్లెలికి ఎవరు సమాధానం చెబుతారు? పైగా సెలవులు దసరావి. ఆ రోజులలో ఎర్రకోట ముందు మైదానాలలో రామ్‌లీలలు జరుగుతాయి. విజయదశమి సాయంత్రం రావణ దహనానికి వచ్చే జనంలో పెద్దవాళ్ళే తప్పిపోతారు.

నేను చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక నా రెండవ అభ్యంతరం మీకు చాదస్తంగా తోచవచ్చు. చెప్పేవారు లేకుండా వెళ్ళిన కుర్రవాళ్ళు ఎర్రకోటలో ఎర్రరాయిని, హుమాయూన్ సమాధి దగ్గర పచ్చికను చూసి వస్తారు. 1857 సెప్టెంబరులో ఢిల్లీ ఆంగ్లేయుల వశమైనప్పుడు చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ తలదాచుకుని పట్టుబడింది ఆ హుమాయూన్ సమాధి దగ్గరే. మరుసటి ఏడు ఆయనను తన సొంత కోటలోనే, తాను కొలువు తీరిన దర్బారు మందిరం దివాన్-ఇ-ఖాస్‌లోనే ముద్దాయిగా నిలబెట్టి విచారించి రంగూన్‌కు పంపించారు. మళ్ళీ 1945 చివరలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల మీద విచారణ జరిపిందీ ఆ కోటలోనే. ఈ రెండు చోట్లను ఈ వరుసలో, చెప్పేవారితో కలిసి చూస్తే పదిహేడేళ్ళ పిల్లకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఎవరికి వారు తిరిగితే అది దక్కదు.

ఓరుగల్లు పిల్ల:
మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పిన కథ నేను ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చదివినన్నాళ్ళూ అక్కడే ఉండి కూడా ఆ వరుసలో ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పాఠానికి నాలుగు రోజులలో మూడున్నర రోజులు మీ చేతిలోనే ఉన్నాయి కదా. పిల్లలు అడుగుతున్నది మిగిలిన అర్ధరోజు మాత్రమే.

అసలు నాకు బాధ కలిగించింది అబ్బాయి ఒక్కడే అయితే పంపేవాడినన్న మాట. ఢిల్లీలో ఆడపిల్లలకు వేధింపులు ఉండవని నేను అబద్ధం చెప్పను. ఉంటాయి, కిక్కిరిసిన బస్సులో, చీకటి పడ్డాక నిర్మానుష్యమైన రోడ్డులో ఎక్కువగా ఉంటాయి. పగలు పదకొండు గంటలకు జన్‌పథ్‌లో నడిచే అమ్మాయికీ, రాత్రి పదకొండు గంటలకు ఆటో కోసం వెతుక్కునే అమ్మాయికీ ఒకే లెక్క వేయడం వల్ల చివరికి ఏ పూటా పంపకుండా పోతాము. అబ్బాయిల సంగతికి వస్తే, కన్నాట్ ప్లేస్‌లో పర్యాటక కార్యాలయానికి దారి చూపిస్తామని వెంటపడి ఏదో ఒక ప్రైవేటు దుకాణంలోకి తీసుకెళ్ళేవాళ్ళకూ, పాలికా బజారులో నాసిరకం ఇయర్‌ఫోన్లు అంటగట్టేవాళ్ళకూ పదహారేళ్ళ కుర్రవాడే ముందుగా దొరుకుతాడు. జాగ్రత్తలు ఇద్దరికీ చెప్పాలి, అనుమతి కూడా ఇద్దరికీ ఒకటే ఉండాలి.

ఆచరణలో వచ్చే ఒక చిన్న చిక్కు ఎవరూ చెప్పలేదు. మెట్రో నడిచే దిశలో మొదటి పెట్టె స్త్రీలకే ప్రత్యేకం, అందులో మగవాళ్ళు ఎక్కితే జరిమానా వేస్తారు. అమ్మాయి అందులో ఎక్కితే తమ్ముడు విడిగా ఎక్కాలి. రాజీవ్ చౌక్ లాంటి చోట రద్దీలో ఒకరు దిగి మరొకరు లోపలే ఉండిపోవడం సాధారణమే. ఇద్దరూ రెండవ పెట్టెలోనే ఎక్కాలనీ, తప్పిపోతే దిగినవారు అదే ప్లాట్‌ఫారం మీద నిలబడాలనీ, ముందుకు వెళ్ళినవారు వెనక్కు రావాలనీ ఇంటి దగ్గరే అనుకుని బయలుదేరమనండి. ఆదివారం కలిసివస్తే ఢిల్లీ గేట్ స్టేషన్ దగ్గర మహిళా హాట్‌లో జరిగే పాత పుస్తకాల బజారు కూడా చెప్పండి. ఒకప్పుడు దరియాగంజ్ కాలిబాటల మీద ఉండేది, 2019లో ఇక్కడికి మారింది. చదివే అలవాటున్న పిల్లలైతే అక్కడే పూట గడిచిపోతుంది.

పసుపు బజారు:
నాది నిజామాబాద్. భద్రత గురించి నాకు పేచీ లేదు, డబ్బు గురించి ఉంది. రైలు టికెట్లకూ హోటలు గదులకూ అంత పోసి తీసుకెళ్తే, మా పెద్దవాడు తనకిచ్చిన పూటంతా సాకేత్‌లోని ఒక మాల్‌లో కూర్చుని బర్గర్ తిని, సినిమా చూసి వచ్చాడు. ఆ మాత్రానికి హైదరాబాద్ చాలదా? కాబట్టి నా సలహా ఏమిటంటే, పూట ఇవ్వండి కానీ మన ఊళ్ళో దొరకనిదేదో ఒక్కటైనా చూసి రావాలని షరతు పెట్టండి. అన్నట్టు, అమ్మాయికి జనవరిలో జేఈఈ లేదా?

ఓరుగల్లు పిల్ల:
పసుపు బజారు గారూ, పూట వాళ్ళది అన్నాక దాన్ని ఎలా గడిపారో లెక్క అడగడం ఏమి న్యాయం? ఎవరినీ అడగకుండా రైలు మారి, దిగి, టికెట్టు కొని, తిరిగి సమయానికి గదికి చేరడం మాల్‌కు వెళ్ళినా అలవడుతుంది. రేపో మాపో మీ వాడు ఇంజనీరింగ్‌కు ఎక్కడికో ఒక్కడే వెళ్ళవలసినవాడే కదా.

ప్రకాశం బ్యారేజీ:
మాల్‌కు వెళ్ళినా సరేనన్న వాదన నాకు మింగుడు పడటం లేదు. రైలు మారడం నేర్వడానికి ఢిల్లీ వరకూ పోనక్కరలేదు, అమీర్‌పేటలోనూ నేర్వవచ్చు. మీరు చెప్పిన అర్ధరోజు లెక్క కూడా అంత తేలిక కాదు. ఢిల్లీలో రాకపోకలకే చాలా సమయం పోతుంది. ప్రధానమంత్రి సంగ్రహాలయం ఒక్కటే శ్రద్ధగా చూస్తే పూట పడుతుంది, 1991లో పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం తెచ్చిన ఆర్థిక సంస్కరణల గురించి తెలుగు పిల్లలు అక్కడ నిలబడి చదవాలని నేను కోరుకుంటాను. అలాంటివి వదిలి ఒక పూటను ఇలా విడిచిపెట్టడానికి నాకు మనసు రాదు.

అయినా ఇంతమంది ఒక మాట మీద ఉన్నారు కనుక ఒక మధ్యేమార్గం సూచిస్తాను. మొదటి రోజు అందరూ కలిసే వెళ్ళండి, కాకపోతే దారి మొత్తం పిల్లలే చూపించాలి. మెట్రో పటం చదవడం, టికెట్లు తీయడం, ఏ ద్వారం నుంచి బయటపడాలో తేల్చడం వాళ్ళ పని. తప్పు దారి పట్టినా పెద్దవాళ్ళు నోరు మెదపకూడదు. ఆ రోజు గడిచిన తీరును చూసి మిగిలినది నిర్ణయించుకోండి. పురావస్తు శాఖ కట్టడాలలో పదిహేనేళ్ళలోపు పిల్లలకే ప్రవేశం ఉచితం కాబట్టి మీ పిల్లలిద్దరికీ టికెట్టు కావాలి. దాన్ని ముందే ఆన్‌లైన్‌లో తీసే పని కూడా వాళ్ళకే అప్పగించండి.

ద్వారకావాసి:
మాస్టారి మొదటి రోజు ఆలోచన చాలా బాగుంది. పెద్దవాళ్ళు నోరు మెదపకుండా ఉండటమే అందులో కష్టమైన భాగం. రామ్‌లీల రద్దీ గురించి ఆయన హెచ్చరికను కూడా నేను బలపరుస్తున్నాను: పిల్లల పూట ఉదయం పదింటికి మొదలై మధ్యాహ్నం ముగియాలి, పండుగ రోజు అసలే పెట్టవద్దు. ఇద్దరి దగ్గరా ఆధార్ నకలు, కొంత నగదు, పెద్దవాళ్ళ నంబర్లు కాగితం మీద రాసి ఉండాలి. ఫోను ఛార్జింగ్ అయిపోతే పటమూ నంబర్లూ డబ్బులూ ఒకేసారి పోతాయి. అత్యవసరమైతే 112.

గోదావరిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. జేఈఈ సంగతి దయచేసి ఇక్కడ ఎత్తవద్దని మా అమ్మాయి తరఫున మనవి.

మీ మాటలన్నీ మావారికి చదివి వినిపించాను. మాస్టారి కథ ఆయనకు ఎంతగా నచ్చిందంటే, మొదటి రోజు పొద్దున హుమాయూన్ సమాధి, ఆ తర్వాత ఎర్రకోట అని ఆయనే నిర్ణయించేశారు. దారి చూపించేది పిల్లలు, కథ చెప్పేది ఆయన. కారు ఆలోచన మానుకున్నారు. ఆగ్రాకు శుక్రవారం కాకుండా చూసుకుని, హజ్రత్ నిజాముద్దీన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్‌లో పోయి వస్తాము.

రెండవ రోజు పిల్లలకు పది నుంచి రెండింటి వరకు ఇస్తున్నాము. జంతర్ మంతర్, కన్నాట్ ప్లేస్, అగ్రసేన్ బావి చూస్తామని వాళ్ళే చెప్పారు. మాల్‌కు వెళ్తే వెళ్ళనివ్వండని నేను, వీల్లేదని ఆయన, ఇంకా వాదించుకుంటూనే ఉన్నాము. ఆ సమయమంతా మేమిద్దరం దగ్గరలోనే జాతీయ మ్యూజియంలో ఉంటామన్న షరతు మీద ఆయన ఒప్పుకున్నారు. అక్కడ మన నాగార్జునకొండ శిల్పాలు ఉన్నాయట, నాకైతే ఆ పూటే ఎక్కువ ఇష్టంగా ఉంది. మా చెల్లెలితో కూడా మాట్లాడాను. వాడి సంగతి నాకు వదిలేయమనీ, పాలికా బజారు వైపు మాత్రం పోనివ్వవద్దనీ అన్నది. రెండింటికి అందరం ఆంధ్ర భవన్ క్యాంటీన్ దగ్గర కలుసుకుని భోజనం చేద్దామనుకుంటున్నాము. ఇందులో లోపమేమైనా ఉంటే చెప్పండి.

ద్వారకావాసి:
ఒకటే ఉంది. అగ్రసేన్ బావి నుంచి అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్‌కు పిల్లలు నడవగలరు కానీ, ఆకలి వేళ ఎండలో ఆటో పిలుస్తారు, మనం తప్పించాలనుకున్న బేరం అక్కడే మొదలవుతుంది. కాబట్టి జన్‌పథ్ స్టేషన్ దగ్గర కలుసుకుని, అందరూ కలిసి క్యాంటీన్‌కు వెళ్ళండి. రాజీవ్ చౌక్ మాత్రం పెట్టుకోవద్దు, దానికున్న ద్వారాలలో ఒకరికొకరు దొరకరు. జన్‌పథ్‌లో కూడా స్టేషన్ బయట అని వదిలేయకుండా ద్వారం నంబరు చెప్పుకోండి. కలిసే వేళను ఒకటిన్నరకు జరిపితే ఇంకా మేలు. అక్కడ మధ్యాహ్న భోజనానికి వరుస పెద్దగా ఉంటుంది.