సమస్యాపూరణం: తలకు ముందు తోక తాను నడిచె

నిర్వహణ (గుంటూరు): మిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది చివరి పాదం:

తలకు ముందు తోక తాను నడిచె

ఇంగ్లీషులో కాంప్లెక్స్ సెంటెన్స్‌కు అన్వయించి పూరించాలి. తల అంటే మెయిన్ క్లాజ్, ఒంటరిగా నిలబడగల అసలు వాక్యం; తోక అంటే దాని మీద ఆధారపడే సబార్డినేట్ క్లాజ్.

సత్యనారాయణపురం సభ్యుడు:

ఇఫ్ఫు వచ్చె మొదట నింగ్లీషు వాక్యాన
కామ నడుమ నిలిచె కర్త వెనుక
తెలుగునందు నిదియె తెలిసిన దారియే
తలకు ముందు తోక తాను నడిచె

బ్రాడీపేట మాస్టారు: గణాలు, యతులు కుదిరాయి. మూడో పాదం చాలా బాగుంది, ‘వాన పడితే ఆగుతాను’ అని మనం ఎప్పుడూ తోకతోనే మొదలుపెడతాం. కానీ ‘కామా’ను ‘కామ’ చేస్తే అర్థం వేరే దారి పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ‘కర్త వెనుక’. తోకలోనూ కర్త ఉంటాడు నాయనా! ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ స్టే’లో ‘ఇట్’ ఒక కర్త, ‘ఐ’ ఇంకో కర్త. కర్తా క్రియా రెండూ ఉండబట్టే అది క్లాజ్ అయింది. పిల్లలు తడబడేది ఇక్కడే. మన ‘పడితే’లో షరతు క్రియ చివరే అతుక్కుని ఉంటుంది, దాన్నే వ్యాకరణంలో చేదర్థకం అంటాం. ఇంగ్లీషులో అది విడిగా ముందు నిలబడుతుంది, దాని వెనక క్రియ కాలం చూపిస్తూ నిండుగా రావాలి. రెండో పాదం ఇలా మార్చి చూడండి:

అసలు వాక్యమేమొ యాగె వెనుక

పద్యంలో కామా పోయినా రాతలో మరవకండి. ఇఫ్ ముందొస్తే కామా పెట్టాలి, వెనకొస్తే మామూలుగా అక్కర్లేదు.

గవర్నరుపేట సభ్యురాలు:

పెట్టెలన్ని కదిలె బెజవాడ వదలుచు
నింజనేమొ మారె నింకొక దెస
గార్డు పెట్టె యిపుడు కదలగ ముందుకే
తలకు ముందు తోక తాను నడిచె

కాజీపేట వైపు నుంచి వచ్చి విశాఖ పోయే బండికి ఇక్కడ ఇంజను విప్పి రెండో చివర తగిలిస్తుంటే, చిన్నప్పుడు నాన్నగారి చెయ్యి పట్టుకుని చూసేదాన్ని. వాక్యం కూడా అంతే కదండీ, పెట్టెలవే, వరస మారుతుంది.

బ్రాడీపేట మాస్టారు: పోలిక మనసుకు పట్టిందమ్మా. ఇంజను ఒంటరిగా పోగలదు, పెట్టెలు పోలేవు. ‘బికాజ్ ఇట్ వాజ్ లేట్’ అని రాసి ఫుల్‌స్టాప్ పెడితే అది పట్టాల మీద వదిలేసిన పెట్టే. అయితే ఇంజనే తల అనుకుంటే, అది మళ్లీ ముందుకే వచ్చింది. సమస్య విడలేదు. పైగా వ్యాకరణం మీ వివరణలోనే ఉంది, పద్యంలో లేదు.

మంగళగిరి టీచరమ్మ: నిన్న దిద్దిన పేపర్లలో ‘దో (though) ఇట్ రెయిన్డ్, బట్ వుయ్ వెంట్’ అన్న వాక్యం మళ్లీ మళ్లీ కనిపించింది. ‘వాన పడినా కానీ వెళ్లాం’ అంటాం కదా, అందుకే.

దోకు తోడు బట్టు దూర్చిన తప్పాయె
రెండు తోకలున్న రీతి యాయె
బట్టు తీసివేయ చక్కగా నమరెను
తలకు ముందు తోక తాను నడిచె

బ్రాడీపేట మాస్టారు: ఇదీ పూరణ! తప్పు, కారణం, దిద్దుబాటు మూడూ పద్యంలోనే ఉన్నాయి. మూడో పాదంలో యతి ఒక్కటే తప్పింది, ‘బ’కు ‘చ’ చెల్లదు. ‘బాగుగా నమరెను’ అంటే సరి. దో పక్కన ‘యెట్’ వస్తే మాత్రం కొట్టెయ్యకండి, అది పాత పద్ధతి, చెల్లుతుంది.

మంగళగిరి టీచరమ్మ: దిద్దుకున్నాను మాస్టారూ. రేపు తొమ్మిదో తరగతిలో బోర్డుకు ఎడమ పక్క పద్యం, కుడి పక్క ఆ వాక్యం రాస్తాను. ‘బట్’ను పిల్లలచేతే చెరిపిస్తాను.